గట్టిమేళం ఒక్క నిమిషమే

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయనకు రిసెప్షన్ సంగతి తెలియదు. తెలిసి ఉంటే "విందులో పాటలు పెట్టించి చూడు" అని ఆ సామెతకు మూడో ముక్క తప్పకుండా తగిలించేవాడు. నేను ఇల్లు కట్టాను. మొన్న మాఘమాసంలో అమ్మాయి పెళ్ళీ చేశాను. ఆ రెండింటికీ పడని అవస్థ ఈ మూడోదానికి పడ్డాను గనుకనే ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

మాది నెల్లూరికి తూర్పున, మైపాడు వెళ్ళే దారిలో ఒక పల్లె. డాబా ఎక్కితే కొబ్బరితోపు, తోపు వెనక సరుగుడు చెట్లు, వాటి వెనక సముద్రం. ముహూర్తం నెల్లూరు కల్యాణమండపంలో. ఊరివాళ్ళందరూ అక్కడికి రాలేరు గనుక, మరునాటి సాయంత్రం విందు మా ఇంటి ముందు తోపులో పెట్టుకున్నాం. వంటవాళ్ళు కుదిరారు, పందిరి కుదిరింది. చేపల పులుసుకు మామిడికాయ దొరుకుతుందా అన్న బెంగ కూడా తీరిపోయింది. మిగిలింది పాటలు.

"పాటలేముంది నాన్నా, డీజేని మాట్లాడేశాం" అన్నది అమ్మాయి.

"వద్దు. పాటల సంగతి నేను చూసుకుంటాను" అన్నాను నేను.

మా ఆవిడ నావంక వింతగా చూసింది. ఇంట్లో గ్యాసు బండ అయిపోతే చూసుకోని మనిషి పాటలు చూసుకుంటానంటున్నాడే అని కాబోలు. కాని దానికి కారణం ఉన్నది.

రెండేళ్ళ క్రితం మా తమ్ముడి కొడుకు రిసెప్షన్‌కు మా అమ్మను తీసుకుపోయాం. ఆమెకు అప్పటికి ఎనభై రెండేళ్ళు. పెద్దామె గదా అని గౌరవంగా ముందు వరుసలో కూర్చోబెట్టాం. ఆ గౌరవం కాస్తా నిలువెత్తు స్పీకరు పెట్టెకు సరిగ్గా ఎదురుగా ఉన్నది. ఆ మోతకు గుండెలు అదిరిపోతుంటే ఆమె చెవిలోని మిషను తీసి బొడ్డుసంచిలో వేసుకున్నది. ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి ఏదో చెబుతున్నారు. ఆమెకు పెదవులు కదలటమే తెలుస్తున్నది గాని మాట తెలియదు. అందరికీ తల ఊపింది. కాసేపటికి లేచి ఎటో పోయింది.

ఎటు పోయిందో మేమెవరమూ చూడలేదు. రెండో బంతి లేచాక "జేజి తిన్నదా?" అని మా అమ్మాయి అడిగేదాకా ఆ సంగతే మాకు పట్టలేదు. తీరా వెతికితే చీకట్లో కారులో కూర్చుని ఉన్నది. ఇంటికి వచ్చి రాత్రి పదకొండున్నరకు పెరుగన్నం తిన్నది. మరునాడు పొద్దున నాతో అన్నది: "ఒరే అబ్బయ్యా, మన అమ్మణ్ణి పెళ్ళికి నేను ఇంటికాడనే ఉంటాలే. మీ సంతోషానికి నేనెందుకు అడ్డం?"

మా అమ్మాయిని పెంచింది ఆమే. మా ఆవిడా నేనూ ఇద్దరం ఉద్యోగాలకు పోతుంటే ఆ పిల్ల జేజి ఒళ్ళోనే పెరిగింది. అలాంటి మనిషి మనమరాలి విందుకు రానంటే ఇక ఆ విందు ఎందుకు? అదీ నా పట్టుదల.

అంచేత ఒకనాడు ఆదివారం తలుపు వేసుకుని కూర్చుని 52 పాటలతో ఒక జాబితా తయారుచేశాను. ఘంటసాల, సుశీల, లీల, జిక్కి - ఒక్కటి కూడా 1975 దాటలేదు. "మాయాబజార్" 1957లో వచ్చింది గదా, అందులోవే నాలుగు. అందులో మన నెల్లూరు రమణారెడ్డి ఉన్నాడు గనుక స్థానికాభిమానం కూడా కలిసి వచ్చింది. గర్వంగా తీసుకుపోయి అమ్మాయికి చూపించాను.

ఆసాంతం చదివి, "నాన్నా, ఇది నా రిసెప్షనా, విజయవాడ రేడియోలో పాత పాటల కార్యక్రమమా?" అన్నది.

పక్కనుంచి మా మేనల్లుడి కొడుకు, ఏడేళ్ళవాడు, "తాతా, ఇందులో నాటు నాటు లేదే!" అన్నాడు. "అది లేకపోతే నేను రాను."

జేజి రానన్నది ఒక కారణానికి, వీడు రానన్నది ఇంకో కారణానికి. ఇలా లాభం లేదు, అందరినీ అడిగి అందరికీ నచ్చినవే వేద్దామనుకున్నాను. ఒక నోటుపుస్తకం కొని జనాభా లెక్కలవాడిలాగా బయలుదేరాను. నలభైమంది చుట్టాలనూ స్నేహితులనూ అడిగి వ్రాసుకున్నాను. ఆ పుస్తకం నాకు మూడు సంగతులు నేర్పింది.

మొదటిది: ఎవరిని అడిగినా "నాకేదైనా పర్వాలేదు" అంటారు. తరువాత ఏది చెప్పినా "అదా!" అని మొహం పెడతారు.

రెండోది: మనిషి ప్రాణం పెట్టే పాటలు పదిహేనో ఏటికీ పాతికో ఏటికీ మధ్య విన్నవి. వాళ్ళు చెప్పిన పాట వచ్చిన ఏడాది చూసి పుట్టిన ఏడాది తీసివేస్తే, దాదాపు ప్రతిసారీ ఆ వయస్సే తేలింది. జ్ఞాపకాలను పరిశోధించే శాస్త్రజ్ఞులు కూడా ఈ మాటే చెబుతారు. పదికీ ముప్ఫైకీ నడుమ జరిగినవే మనస్సులో గట్టిగా నాటుకుంటాయట. అంచేత "ఆ రోజుల్లో పాటలే పాటలు" అని ఎవరైనా అంటే, ఆ రోజుల్లో తాను పడుచువాణ్ణి అని అర్థం. నేను వేసిన 52 పాటల జాబితాకు కూడా ఇదే అర్థమని తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను.

మూడోది అన్నిటికన్న చిత్రమైనది. పెద్దలు చెప్పిన పాటల్లో సగానికి సగం ఏడుపు పాటలు! మా పెద్దబావ మూడు పాటలు చెప్పారు. ఒకటి 1953 నాటి "దేవదాసు"లోది. రెండోది ప్రియురాలు మరొకర్ని పెళ్ళి చేసుకున్నాక పాడేది. మూడోది ఈ లోకంలో ఎవరికెవరు అని పాడేది.

"బావా, ఇది పెళ్ళి విందు" అన్నాను.

"పాట మంచిదా కాదా, అది చెప్పు."

"మంచిదే, కాని..."

"ఆత్రేయ ఎవరు? మన జిల్లావాడు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టినవాడు. మన జిల్లావాడి పాట మన జిల్లా పెళ్ళిలో కాకపోతే ఎక్కడ వేస్తావు?"

ఆత్రేయగారు మనస్సు విరిగినవాళ్ళకు అంత గొప్ప పాటలు వ్రాయటం నా తప్పా, చెప్పండి?

నలభైమందిలో గొడవ లేకుండా ఒప్పుకున్నది ఒక్క మనిషి పేరు - మన బాలసుబ్రహ్మణ్యం. నెల్లూరివాళ్ళకు ఆయన పేరుకు ముందు "మన" రాకుండా ఉండదు. తండ్రి సాంబమూర్తిగారు ఇక్కడ హరికథలు చెప్పినవారు. నెల్లూరులోని తమ ఇంటిని బాలుగారు 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. 1967లో వచ్చిన సినిమాలో మొదలైన ఆ గొంతు 2020 సెప్టెంబరు 25న ఆగిపోయేదాకా పాడుతూనే ఉన్నది. అంచేత మా అమ్మకు ఆయన "సాంబమూర్తిగారి అబ్బాయి", నాకు 1980లో "శంకరాభరణం", మా అమ్మాయికి చిన్నప్పుడు టీవీలో పిల్లల చేత పాడించిన తాతగారు. సరే, బాలు అని నిర్ణయమైంది. బాలు పాడిన వేల పాటల్లో ఏవి అన్న దగ్గర మళ్ళీ పంచాయితీ మొదలైంది.

ఇది చాలదన్నట్టు, చట్టాలు సగం చదివిన మా పినమామ ఒకాయన ఫోను చేసి, "ఒరే, సినిమా పాటలు వెయ్యాలంటే లైసెన్సు కట్టాలిరా, లేకపోతే కేసు పెడతారు" అని హడలగొట్టాడు. విచారిస్తే, పెళ్ళికీ పెళ్ళికి సంబంధించిన వేడుకలకూ వేసే పాటలు కాపీరైటు చట్టాన్ని ఉల్లంఘించినట్టు కావని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలోనే స్పష్టం చేసి ఉన్నది. ఇక రాత్రి 10 దాటాక ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకరు మోగించరాదన్నది 2000 సంవత్సరపు నిబంధన. అది మాత్రం నాకు నచ్చింది. పక్కన పల్లెపాళెంవాళ్ళు తెల్లవారుజాము మూడింటికే వేటకు పోతారు. వాళ్ళకు నిద్ర ఉండాలి గదా.

ఈ గొడవల మధ్య అమ్మ చెవి మిషను సరిచేయించటానికి నెల్లూరులో చెవుల డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయాను. మాటల్లో తమ్ముడి కొడుకు విందు సంగతి చెప్పాను. ఆనాడు మా మేనల్లుడు ఫోనులో కొలిస్తే ముందు వరుసలో 100 డెసిబెల్సు చూపించింది.

"ఫోను లెక్క కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అయినా చూడండి" అన్నారు డాక్టరుగారు. "ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్ళ కోసం అమెరికాలో వేసిన లెక్క ఒకటుంది. 85 డెసిబెల్సు అయితే రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. అక్కణ్ణుంచి ప్రతి 3 పెరిగినప్పుడల్లా ఆ కాలం సగమవుతుంది. 100 దగ్గర పావుగంట. మీరు పెద్దామెను ఎంతసేపు కూర్చోబెట్టారు?"

నేను మాట్లాడలేదు.

"వయస్సు మీద పడ్డాక ముందు పోయేది సన్నని ధ్వనులు వినే శక్తి. స, త, క లాంటి అక్షరాలు చెవిని పడవు. మాట వినిపించినట్టే ఉంటుంది, ఏమన్నారో తెలియదు. మిషను మాటతో పాటు మోతనూ పెంచుతుంది. ఆమెకు పాటతో ఇబ్బంది లేదండీ. మాటమీద పాట పడితేనే ఇబ్బంది."

తిరిగి వస్తూ కారులో తట్టింది నాకు. నలభైమందిని అడిగాను, నోటుపుస్తకం నిండిపోయింది, కాని ఎవరికోసమైతే ఇదంతా మొదలుపెట్టానో ఆమెను మాత్రం అడగలేదు!

"అమ్మా, నీకేం పాట కావాలే?" అన్నాను.

"నాకు పాట ఎందుకురా? నన్ను పలకరించేవాళ్ళ మాట వినపడితే చాలు."

కాసేపాగి ఆమే చెప్పుకొచ్చింది. ఆమె పెళ్ళి 1959లో. నెల్లూరు నుంచి సన్నాయి మేళం వచ్చిందట. వాళ్ళను పందిట్లో ఒక మూలకు కూర్చోబెట్టారు. పొద్దుటినుంచీ సన్నాయి వినిపిస్తూనే ఉన్నది, ఆ మూల సన్నాయి సన్నాయిదే, ఈ మూల మాటలు మాటలే. తాళి కట్టే వేళకు పురోహితుడు చెయ్యి ఎత్తి "గట్టిమేళం!" అన్నాడు. సన్నాయీ డోలూ ఒక్కసారిగా మిన్నంటాయి. ఆ క్షణాన ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ చెడ్డ మాటా వధూవరుల చెవిని పడకుండా.

"మూడు ముళ్ళూ పడంగానే తగ్గించారు. గట్టిమేళం ఒక్క నిమిషమేరా అబ్బయ్యా. మీ పెళ్ళిళ్ళలో దాన్ని తగ్గించేదెప్పుడు?" అన్నది.

నేను కారు నడుపుతూ చాలాసేపు ఆలోచించాను. సన్నాయి మెల్లని వాద్యమేమీ కాదు. ఆరుబయట, దేవుడి ఊరేగింపులో వీధి చివరకు వినపడాలని పుట్టిన వాద్యం అది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారు దానితోనే 1998లో సంగీత కళానిధి అయ్యారు. అంత గొంతున్న వాద్యం ఎప్పుడు తగ్గాలో తెలుసుకుని తగ్గేది. తుమ్ము వినపడకూడదని ఒక్క నిమిషానికి పెట్టుకున్న మోతను మనం మూడు గంటలు సాగదీసి, పలకరింపులు కూడా వినపడకుండా చేసుకున్నాం.

నా నోటుపుస్తకం అటక ఎక్కింది. మరునాడు అమ్మాయినీ, ఆ డీజే కుర్రవాణ్ణీ కూర్చోబెట్టాను. ఏ పాట అన్న మాటే ఎత్తలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత గట్టిగా అన్న మూడు సంగతులే మాట్లాడాం. ఆ కుర్రవాడు నేననుకున్నట్టు మూర్ఖుడేమీ కాదు. "సార్, ముందర పెద్ద పెట్టెలు రెండు పెడితే వెనకోళ్ళకు వినపడాలని సౌండు పెంచుతాం, ముందరోళ్ళు చచ్చిపోతారు. చిన్నవి ఆరు తెచ్చి తోపు చుట్టూరా కడితే తక్కువ సౌండు చాలు. నన్ను ఇట్టా ఎవురూ అడగలా" అన్నాడు. ఆరుబయట దూరం రెండింతలైతే సుమారు 6 డెసిబెల్సు తగ్గుతుందని కూడా చెప్పాడు. పెద్దవాళ్ళ కుర్చీలు పెట్టెలకు దూరంగా మా వసారా పక్కన వేయించాం.

ఆరున్నరనుంచి ఏడున్నర దాకా, జనం వచ్చే వేళ, సన్నాయి. తరువాత ముప్పావుగంట పాత పాటలు, మాట వినపడేటంత మెల్లగా. ఎనిమిదింబావు నుంచి పెద్దల బంతి, ఆ అరగంటా ఏమీ ఉండదు. పావు తక్కువ తొమ్మిదినుంచి పది దాకా పిల్లలది.

"ఆ గంటంబావు పూర్తిగా మాదే. నీ నోటుపుస్తకం కనపడకూడదు" అన్నది అమ్మాయి.

"నీ గట్టిమేళం నీది తల్లీ" అన్నాను.

డీజే కుర్రవాడు మాత్రం "ఏమీ ఉండదు" అన్నచోట భయపడ్డాడు. "సార్, ఖాళీ వస్తే కరెంటు పోయిందనుకుని జనం లేచిపోతారు" అన్నాడు. పోనీలే అన్నాను.

ఆ సాయంత్రం ఎనిమిదింబావుకు పాట ఆగింది. ముందు అందరూ తలలెత్తి దీపాల వంక చూశారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అప్పుడు ఒక్కొక్కటే వినిపించటం మొదలైంది. "నెయ్యి, నెయ్యి" అంటూ వడ్డించేవాడి కేక, కొబ్బరాకుల గలగల, ఎక్కడో పసిపిల్ల ఏడుపు, తోపు అవతల అలల హోరు. రెండు నిమిషాలకు తోపు నిండా మాటలే.

వసారా పక్కన మా అమ్మా, పెళ్ళికొడుకు అవ్వగారూ పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఎవర్ని కవ్వించారో నేను చూడలేదు. చూసేసరికి మా అమ్మ పాడుతున్నది! వియ్యాలవారి మీద వెనకటి ఆడవాళ్ళు కట్టిన ఎగతాళి పాట. మగపెళ్ళివారు గంగాళాలు ఖాళీ చేశారని, గారెలు కొంగున కట్టుకున్నారని వెక్కిరించేది. మా నాయన పోయిన ఈ పదకొండేళ్ళలో ఆమె నోట పాట నేను వినలేదు. గొంతు బొంగురుపోయి ఉన్నది. మూడో చరణం దగ్గర మరిచిపోయి ఆగింది. వియ్యపురాలి అవ్వగారు ఊరుకుంటుందా? తమవైపు మాటలతో దాన్ని అందుకుని, గంగాళాలు ఖాళీ చేసింది ఆడపెళ్ళివారేనని తిప్పికొట్టింది.

డీజే కుర్రవాడు మైకు తీసుకుని పరుగెత్తాడు. మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దన్నా, జేజికి మైకు వద్దు."

మైకు లేదు గనుక దూరాన ఉన్నవాళ్ళు విస్తళ్ళ ముందునుంచి లేచి దగ్గరకు వచ్చారు. పిల్లలు కింద కూర్చున్నారు. అర్థంకాని మాటలకు మా అమ్మాయే పెళ్ళికొడుక్కు అర్థం చెబుతున్నది. ఆరు నిమిషాలు ఉంటుందేమో, అంతే.

తరువాత పిల్లల గంట వచ్చింది. అమ్మాయి జేజిని తనే లోపలి గదిలోకి తీసుకుపోయి కిటికీ దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. 2023లో ఆస్కారు తెచ్చిన ఆ పాటకు మా ఏడేళ్ళవాడు ప్యాంటు జారిపోయేటట్టు గెంతాడు. వాడితో పాటు పల్లెపాళెం పెద్దకాపు కూడా అడుగులు వేశాడు. మా అమ్మ మిషను తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ చువ్వమీద వేలితో తాళం వేస్తూ చూసింది. పదింటికి ఆపేశాం.

అందరూ మెచ్చుకున్నారని చెబితే అబద్ధమవుతుంది. "చప్పుడే లేదు, పెళ్ళి జరిగినట్టే లేదు" అన్నాడు పక్క ఊరి బంధువు ఒకాయన. పిల్లలు ఇంకో గంట ఇవ్వలేదని గునిశారు. ఏడుపు పాట పడలేదని మా పెద్దబావ వారం రోజులు ఫోను ఎత్తలేదు. చివరకు ఆయన ఇంటికి పోయి, ఇద్దరం కూర్చుని మూడు పాటలూ వరసగా విన్న తరువాతే మాట్లాడారు. నిజం చెప్పొద్దూ, పాటలు చాలా బాగున్నాయి.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ నన్ను మంచం దగ్గరకు పిలిచింది. ఎవరెవరు వచ్చి ఏమేం చెప్పారో వరసగా అప్పజెప్పటం మొదలుపెట్టింది. కోట నుంచి వచ్చినావిడకు మోకాలి ఆపరేషను అయిందట. మా చిన్నాన్న కోడలికి నెల తప్పిందట. కొడవలూరు వాళ్ళ పొలం తగాదా రాజీ అయిపోయిందట. ఇంటి యజమానిని, గుమ్మంలో నిలబడి అందరికీ నమస్కారం పెట్టిన నాకు ఇందులో ఒక్కటీ తెలియదు.

"ఇన్ని సంగతులు ఎప్పుడు విన్నావే?" అన్నాను.

"చెప్పారు గనుక విన్నా" అని అటు తిరిగి పడుకున్నది.